కిటికీ వైపు పల్లం

ఇంటి నుంచి,
కుట్టుమిషను బల్ల మీద, దారపు ఉండలు పక్కకి నెట్టి

మామయ్య గారికి,

నమస్కారం పెట్టి వెంటనే దెబ్బలాట మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకండి. నిన్న ఫోన్ చేసి ఎలా ఉన్నారంటే "బానే ఉన్నా" అన్నారు. కాలు ఎలా ఉందంటే "బానే ఉంది" అన్నారు. భోజనం ఎలా ఉందంటే దానికీ అదే జవాబు. వెనకాల ఎవరో "పెద్దాయనా, తొందరగా కానియ్యండి, మేమూ మాట్లాడాలి" అని అరుస్తున్నారు. వార్డంతటికీ ఒక్క ఫోను, అదీ నడవాలో పెట్టారు. అక్కడ నిలబడి మనసులో మాట ఎవరు మాత్రం చెప్తారు? అందుకే ఉత్తరాలు రాసుకుందాం. మీరూ రాయాలి. చేతికేం దెబ్బ తగల్లేదు కదా!

ఇక అసలు సంగతి. మన ముందుగది నేల చదును చేయిస్తున్నాను. వీధి గుమ్మం నుంచి వంటింటి గుమ్మం దాకా ఒకే మట్టం. దాని మీద కాలు జారని గరుకు టైల్స్. మీరు కొత్త కాలు తొడుక్కుని వచ్చేసరికి ఇల్లు సిద్ధంగా ఉండాలి.

మీకు కాలు తయారుచేస్తున్న ఆయన్ని అక్కడ అందరూ కాళ్ల మేస్త్రీ అంటారట కదా. పోయినసారి మీ అబ్బాయి వచ్చినప్పుడు ఆయన ఓ మాట చెప్పి పంపాడు. "మెట్లు ఎక్కడం నేర్పిస్తాను, దిగడం నేర్పిస్తాను. ఇంట్లో నేల ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం నా వల్ల కాదు. కొత్తలోనే పడిపోతాడు. ఒకసారి పడితే మళ్లీ ఆ కాలు తొడగడు, మూల కూచుంటాడు." మీ అబ్బాయి ఈ మాట నా చెవిన వేసి లారీ ఎక్కి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ నేను మిషను తొక్కుతూ ఈ నేలకేసే చూస్తున్నాను.

కాపురానికి వచ్చిన కొత్తలో నాకెంత ఆశ్చర్యం వేసిందో మీకెప్పుడూ చెప్పలేదు. ఊళ్లో సగం ఇళ్ల నేలలు మా మామయ్య చేసినవే అని పుట్టింట్లో గొప్పలు పోయి వచ్చాను. తీరా ఇక్కడ చూస్తే, దారపు ఉండ జారవిడిస్తే చాలు, దొర్లుకుంటూ కిటికీ కిందికి పోతుంది. వంటింటి గుమ్మం ముందు నేల ఉబ్బి గూని. మంచం కోళ్ల కింద అట్టముక్కలు. "పొద్దస్తమానం జనం నేలలు చేసి ఇంటికొచ్చాక నేలంటేనే మొహం మొత్తుతుంది" అనేవారు మీరు. ఆ మాట కూడా నవ్వుతూనే అనేవారు.

మీ శిష్యుల్ని పిలవద్దన్నారు, పిలవను. పెద్ద మేస్త్రీ గారి సొంత నేల వంకరని తెలిస్తే మీ మీసం దిగిపోతుందని నాకు తెలీదా? ఇన్నేళ్లూ వాళ్లని వరండాలోనే కూచోబెట్టి, టీ ఇచ్చి, అట్నుంచి అటే పంపించేసిన మనిషి మీరు. వేరే ఎవరినైనా చూసుకుంటాను.

అత్తయ్య బాగున్నారు. మీ కుర్చీలో ఎవరినీ కూచోనివ్వడం లేదు. పొరపాటున నేను కూచుంటే "లే, లే" అన్నారు.

మీ కోడలు


కాళ్ల కేంద్రం,
మగవాళ్ల వార్డు, తలుపు పక్క మంచం

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. పైకి చదవమని పక్క మంచం వాడు ప్రాణం తీశాడు. చదవలేదు. నా ఇంటి గూని సంగతి వార్డంతా తెలియాలా?

ఆ రాళ్ల లారీ నా కాలి మీద కాక నేల మీదే బోల్తా కొట్టి ఉంటే ఈ గొడవలేమీ ఉండేవి కావు. సరే, ఇప్పుడనుకుని ఏం లాభం.

చేయించడమే అయితే సరిగ్గా చేయించు. వచ్చినవాడు నేలంతా తట్టి చూడాలి. గుల్లగా మోగిన చోటల్లా పాత గచ్చు పెకలించాలి. అది తీయకుండా పైన పూత పూస్తానంటే గుమ్మంలోంచే సాగనంపు. ఇంకోటి, వంటింటి ముందున్న గూనిని చెక్కకుండా మిగతా నేలంతా దాని ఎత్తుకి లేపుదామంటాడు. పని తేలిక అవుతుంది కదా! ఒప్పుకోవద్దు. రేపు తలుపులు నేలకి తగులుకుని తెరుచుకోవు. గూని చెక్కాలి, పల్లం నింపాలి. రెండూ చేయాలి.

కాలు వచ్చింది. మోకాలి కింద కట్టుకుంటే మొదట్లో ఎవరిదో కాలు మోస్తున్నట్టు ఉంది. కాళ్ల మేస్త్రీ మంచివాడే గానీ నోరు ఆగదు. నేను అడుగు వేస్తే వెనకనుంచి "నేల చూడకండి, ఎదురుగా చూడండి" అంటాడు. జన్మంతా నేల చూసిన వాణ్ని, ఇప్పుడు చూడకపోతే ఎలా?

ఇంకో మాట. ఇక్కడ సామాన్ల గదికి కాపలా మనిషి కావాలట. కూచుని చేసే పని. నన్నుండమని అడిగారు. మంచం నాకే ఉంచుతారట. ఇక్కడ నేలంతా ఒక్క మట్టంలో ఉంటుంది, గోడల పొడుగునా పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. ఉండిపోతే మీకూ బరువు ఉండదు, నాకూ కాలక్షేపం. ఆలోచిస్తున్నాను. మీ అత్తకి మెల్లిగా చెప్పు.

మామయ్య


ఇంటి నుంచి,
వంటింటి గట్టు మీద (ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు)

మామయ్య గారికి,

మెల్లిగా చెప్పమన్నారు. చెప్పాను. అత్తయ్య ఉత్తరం తీసుకుని తనే మళ్లీ చదువుకున్నారు. "ఉంటే ఉండమను. నేనూ వెళ్లి ఆడవాళ్ల వార్డులో చేరతాను. నా రెండు కాళ్లూ బాగానే ఉన్నాయని పంపించేస్తారా ఏం?" అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ కూచున్నారు.

బరువని రాయడానికి మీకు చెయ్యెలా వచ్చింది మామయ్యా? నాకు ఒళ్లు మండిపోయింది. కాపలా కాయడానికి మీ ఇల్లు లేదా? నేను బజారుకి వెళ్తే తలుపు తెరిచి ఉంచేస్తానని మీరే తిడతారు కదా.

సరే, పని సంగతి. మేస్త్రీ దొరికాడు. మీకు తెలిసినవాడు కాదు. వస్తానన్న రోజునే వచ్చాడు. పొగ తాగడు, టీ అడగడు. మనిషి పెద్దగా మాట్లాడడు, ఏ పనైనా ముందు కచ్చా కుట్లు వేసి చూసుకుని గానీ అసలు కుట్టు వెయ్యడు. గరిటె తిరగేసి కాడతో నేలంతా తట్టుకుంటూ వచ్చాడు. గుల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీతలు గీశాడు. చూస్తే సగం గది గీతలే! మంచి చోట తడితే గట్టిగా ఠంగుమని, గుల్ల చోట తడితే బొక్కి నోటితో మాట్లాడినట్టు మోగింది. మీ చెవికి ఇన్నేళ్లూ ఇదంతా వినపడేదా? ఊరికే నడిచి వెళ్తూనే "ఇక్కడ గుల్లగా ఉంది" అనేవారు. నేను మీరు గొప్ప కోసం అంటున్నారనుకునేదాన్ని.

పాత గచ్చు పెకలించడం అయ్యింది. గూని చెక్కడం సగం అయ్యింది. ఉలి మీద సుత్తి వేస్తే చెయ్యి భుజం దాకా జివ్వుమంటుంది, అని మేస్త్రీ అన్నాడు. ఇంటి నిండా దుమ్ము. నేను కుడుతున్న పెళ్లి గౌను మీద కూడా పడింది, దులిపి దులిపి తెల్లగా చేశాను. అత్తయ్య నోటికి గుడ్డ కట్టుకుని తట్టలు మోస్తున్నారు. వద్దంటే వినరు.

తర్వాత ఏం చేయాలో రాయండి. మేస్త్రీ మీ మాట కోసం ఆగాడు.

కోడలు


కాళ్ల కేంద్రం,
అదే మంచం

అమ్మాయ్,

నీ మేస్త్రీ మీద నాకు అనుమానంగా ఉంది. పొగ తాగడు. టీ అడగడు. వస్తానన్న రోజున వచ్చాడు. ఇంకో మేస్త్రీ మాట కోసం పని ఆపుకుని కూచున్నాడు! అలాంటి మేస్త్రీ భూమ్మీద లేడమ్మా. ఎక్కడ పట్టుకొచ్చావు?

అయితేనేం, గరిటె కాడతో తట్టడం బాగుంది. నాకెప్పుడూ తోచలేదు. వాడికి చెవి ఉంది. చెవి ఉన్నవాడికి మిగతాది నేర్పొచ్చు.

ఇప్పుడు మట్టం. నా సంచిలో పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం ఉంది. దాన్నిండా నీళ్లు నింపాలి. ఒక కొస ఒక గోడ దగ్గర, రెండో కొస ఎదురు గోడ దగ్గర పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఆ ఎత్తులో నాలుగు గోడల మీదా గీత గియ్యండి. ఆ గీత నుంచి కిందికి అంతటా ఒకే కొలత రావాలి. అదే మన నేల. గొట్టంలో గాలి బుడగ ఉంటే పచ్చి అబద్ధం చెప్తుంది, జాగ్రత్త. రెండో కొస కదలకుండా నిలబడే మనిషి చేతికి ఇయ్యి. మీ అత్తని పెట్టు. ఆవిడ ఓ చోట నిలబడితే ఎవరూ కదపలేరు, పెళ్లైన దగ్గర్నుంచీ నాకు అనుభవమే.

గీతలయ్యాక అక్కడక్కడ సిమెంటూ ఇసుకా కలిపిన మాలు ముద్దలు పెట్టి, వాటి నెత్తి మట్టానికి తెచ్చి, మధ్యలో మాలు పోసి పొడుగాటి చెక్క బద్దతో లాగాలి. దానికి ముందు నేల కడిగి సిమెంటు పాలు పొయ్యడం మర్చిపోతే కొత్తది పాతదాన్ని పట్టుకోదు. బద్ద లాగేటప్పుడు కంగారు పడకూడదు. వెనక్కి నడుస్తూ లాగాలి. అయ్యాక గోనె సంచులు పరిచి తడుపుతూ ఉండాలి.

మొన్న కడ్డీలు వదిలి నడవమన్నారు. నడిచాను. గది మధ్యకి వచ్చి పడ్డాను. దెబ్బేం తగల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు, ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపారు. ఊళ్లో నేను రోడ్డు మీద వెళ్తుంటే మేస్త్రీగారని పక్కకి తప్పుకునేవారు అమ్మాయ్. ఇప్పుడు నా శిష్యులు నన్ను ఇలా లేపుతుంటే చూడాలా? ఇక్కడైతే పడడం మామూలే. అందరం పడతాం. ఎవరూ ఏమీ అనుకోరు. అందుకే ఉండిపోతానన్నాను. మీ అత్తకి ఈ ముక్క చెప్పకు.

మామయ్య


ఇంటి నుంచి,
వరండా మెట్టు మీద

మామయ్య గారికి,

చెప్పొద్దన్నారు, చెప్పలేదు. కానీ నా కళ్లు చూసి ఆవిడ ఏదో కనిపెట్టారు. 

నిన్న మాలు పోయడం అయిపోయింది. అబ్బ, ఏం పని మామయ్యా అది! గొట్టంలో నీళ్లు నింపి, బుడగలన్నీ పోయేదాకా తడుతూ కూచున్నాం. అత్తయ్య కిటికీ గోడ దగ్గర కొస పట్టుకుని శిలలా నిలబడ్డారు. "ఎక్కడికొచ్చింది?" అని అరిస్తే "ఇక్కడికొచ్చింది!" అని అరిచారు. ఈ ఇంట్లో ఇన్ని నెలల తర్వాత అంత గట్టిగా కేకలు వినపడ్డాయి. కిటికీ గోడ వైపు అత్తయ్య కొలిచారు, వంటింటి వైపు మేస్త్రీ కొలిచాడు. నాలుగు మూలలా పురికొస కట్టి చూస్తే, కత్తిరించడానికి పరిచిన గుడ్డలా చక్కగా వచ్చింది. తర్వాత మాలు పోసి, మీరన్నట్టే వెనక్కి నడుస్తూ బద్ద లాగాం. లాగారు, అంటే మేస్త్రీ. గరుకు ఇసుక కాస్తా బద్ద కింద నున్నగా అవుతుంటే ఇంకా ఇంకా లాగాలనిపించింది. వీధి గుమ్మం దాకా వచ్చి తలెత్తి చూస్తే, మా ఇల్లేనా ఇది అనిపించింది. అత్తయ్య గదంతా కలయజూసి "ఇక రమ్మను" అన్నారు.

అంతా బాగుందని ఇక్కడితో ఆపేద్దును. కానీ పొద్దున తడపడానికి నీళ్లు పోస్తే, నీళ్లన్నీ కిటికీ గోడ కిందికి చేరాయి. మళ్లీ అక్కడికే! చిటికెన వేలి గోరు మునిగేంత. మేస్త్రీ అది చూసి గుమ్మంలో కూలబడ్డాడు. ఏడ్చాడు కూడా. అంత కష్టపడ్డాక ఏడవరా మరి? టైల్స్ రేపో మాపో వస్తాయి. ఆ వాలు మీద మీ కాలు ఎలా నిలుస్తుంది?

పగలగొట్టాలా? చెప్పండి. మేస్త్రీకి ఇంకేం తోచడం లేదు.

కోడలు


కాళ్ల కేంద్రం

అమ్మాయ్,

ఏదీ పగలగొట్టకు. దేన్నీ ముట్టుకోకు. ఈ మూడింటికీ జవాబు రాయి.

నీళ్లు ఒక్కచోట గుంటలా నిలిచాయా, లేక వంటింటి వైపు నుంచి కిటికీ దాకా మెల్లిగా లోతు పెరుగుతూ వచ్చాయా?

గొట్టం మళ్లీ పెట్టి చూస్తే గోడల మీద గీతలు సరిపోయాయా?

గీత నుంచి నేల దాకా రెండు వైపులా మళ్లీ కొలిస్తే ఎంతెంత వచ్చింది?

మామయ్య


ఇంటి నుంచి

మామయ్య గారికి,

గుంట ఎక్కడా లేదు. మెల్లిగా లోతు పెరుగుతూ వచ్చాయి.

గొట్టం మళ్లీ పెట్టాం. గీతల్లో వెంట్రుకవాసి తేడా లేదు.

రెండు వైపులా మళ్లీ కొలిచాం. అటు మూడడుగులు, ఇటు మూడడుగులు. అంగుళంలో పిసరు కూడా తేడా లేదు. అందుకే పిచ్చెక్కుతోంది.

కోడలు


కాళ్ల కేంద్రం,
ఇవాళ కిటికీ దగ్గర కుర్చీలో, కాలు తొడుక్కునే ఉన్నాను

కోడలు పిల్లా,

నీళ్లు అబద్ధం చెప్పవు. గీతలు సరిగ్గా ఉన్నాయి. కొలతలు రెండు వైపులా ఒకటే వచ్చాయి. అయినా నేల వాలింది. అంటే కొలిచిన టేపులు రెండు. రెండూ ఒకటి కావు. మా మేస్త్రీలు వాడే ఇనుప టేపు సాగదు. సాగేది గుడ్డ టేపు. మన ఇంట్లో గుడ్డ టేపు మెళ్లో వేసుకుని తిరిగేది ఎవరు?

ఒకటి నీ మెళ్లోది, కొత్తది. దాంతో నువ్వు కొలిచావు. రెండోది మిషను పక్కన మేకుకి వేలాడేది, నువ్వు కొసకి కత్తెర కట్టి వదిలేస్తావే, అది. ఏళ్లకేళ్లు కత్తెర బరువు మోసి సాగిపోయింది. దాంతో మీ అత్త కొలిచింది. సాగిన టేపు మూడడుగులు చూపించిందంటే అసలు కొలత అంతకన్నా ఎక్కువే. అందుకే ఆవిడ నిలబడ్డ వైపు నేల కిందికి దిగింది. ఏ మేస్త్రీ కూడా చచ్చినా చెయ్యని తప్పు ఇది. దర్జీ మాత్రమే చేయగలదు.

ఉలి పట్టింది నువ్వు. తట్టలు మోసింది మీ అత్త. మాలు లాగింది నువ్వు. గుమ్మంలో కూలబడి ఏడ్చింది నువ్వు. నాకు మేస్త్రీ అని కథలు చెప్తావా? మీ ఇద్దరికీ బుద్ధుందా అసలు? ఆ తట్ట ఎంత బరువో నాకు తెలుసు. మీ అత్త నడుము ఏమవ్వాలి? సిమెంటుకి నీ చేతులు ఏమవ్వాలి? ఆ చేతులతో సూది పట్టుకోవద్దా? నేనక్కడుంటే ఇద్దర్నీ వీధిలో నిలబెట్టి కేకలేసేవాణ్ని.

తిట్టడం అయిపోయింది. ఇప్పుడిది విను. ఈ ఉత్తరాలన్నీ ఇవాళ పక్క మంచం వాడికి నేనే చదివి వినిపించాను. కాళ్ల మేస్త్రీ కూడా వచ్చి విన్నాడు. ఎందుకంటే గర్వంతో నా ఛాతీ ఉబ్బిపోతోంది. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లలో మొదటి నేలకి మధ్యలో గుంట పెట్టనివాడు ఒక్కడు లేడు. నేనూ పెట్టాను. నీ నేలలో గుంట లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే వాలు, గీసినట్టు. తప్పు టేపుది. చెయ్యి మాత్రం నీది, అమ్మా. అలాంటి చెయ్యి నేను చాలా తక్కువ చూశాను.

ఇక సరిచెయ్యడం. చాలామంది టైల్స్ కింద ఓ వైపు మాలు మందంగా పోసి సర్దేస్తారు. నువ్వు సర్దకు. కిటికీ గోడ నుంచి గది మధ్య దాకా ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టు. కడిగి, సిమెంటు పాలు పోసి, సన్న ఇసుక మాలుతో మళ్లీ బద్ద లాగు. ఈసారి టేపు ఒక్కటే. పాతది పారెయ్యకు, నాకు చూడాలనుంది.

మామయ్య


ఇంటి నుంచి,
మిషను బల్ల మీద, రెండు చేతులకీ నూనె రాసుకుని

మామయ్య గారికి,

మీ ఉత్తరం అత్తయ్యకి చదువుతుంటే, తిట్లు వచ్చిన చోట "ఇదీ మా ఆయన" అని నవ్వారు. నా చెయ్యి గురించి రాసిన చోట మళ్లీ చదవమన్నారు. రెండోసారి ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని ఆవిడే చదువుకున్నారు.

అబద్ధం ఎందుకాడానో చెప్పాలి కదా. మేస్త్రీల కోసం తిరిగాను. ఒకడు వచ్చి చూసి "ఒక్క గదికి ఎవడొస్తాడమ్మా" అని వెళ్లిపోయాడు. ఇంకొకడు గూనికే టైల్స్ అంటించేస్తానన్నాడు. మీ వాళ్లని పిలవద్దన్నారు. నేనే చేస్తానంటే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. అందుకని నోరు తెరవని మేస్త్రీని ఒకణ్ని కల్పించాను. పాపం, మంచివాడే!

మీరు చెప్పినట్టే చేశాను. గాట్లు, పాలు, సన్న ఇసుక, ఒకటే టేపు. నీళ్లు పోశాను. ఎటూ పోలేదు మామయ్యా. అక్కడే పల్చగా నిలబడ్డాయి. టైల్స్ కూడా వేసేశాను, అంచుల్లో కోసిన ముక్కలు మాత్రం అంత అందంగా రాలేదు.

ఒక రహస్యం బయటపడింది, తిట్టకండి. టైల్స్ దించుతుంటే మీ శిష్యుడు, ఆ పొట్టి మేస్త్రీ, అటుగా పోతూ ఆగాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను గానీ నా పక్కనుంచి తొంగి చూసేశాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఇటూ అటూ నడిచి, "ఇది గురువుగారి చెయ్యి కాదు. కానీ ఆయన నోరు దీని వెనకాల ఉంది" అన్నాడు. ఎవరు చేశారని అడిగితే అత్తయ్య నన్ను చూపించారు. వాడు మళ్లీ వరండాలోకి వెళ్లి చెప్పులేసుకుని, "ఎప్పుడొస్తున్నారు? మేమందరం అడిగామని చెప్పండి. ఆయన తిట్టక పనిలో ఉప్పూకారం లేకుండా పోయింది" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

ఇప్పుడు నా మాట. గూని చెక్కిన రోజున నా చేతులు అన్నం ముద్ద ఎత్తలేకపోయాయి. ఒక్క గదికే! మీరు జన్మంతా అదే పని చేసి వచ్చి మా మధ్య కూచుని నవ్వుతూ భోంచేసేవారు. "ఏం కుట్టావమ్మా ఇవాళ?" అని అడిగేవారు. ఒక్కరోజు కూడా నొప్పి అనలేదు. ఆ మనిషిని నేను ఇప్పుడు చూశాను, ఉలి పట్టుకున్నాక. మీరు నాకు మామయ్య కావడం నా అదృష్టం. ఎదురుగా ఉంటే ఈ మాట అనలేను, అందుకే రాస్తున్నాను.

మీరు పడతారు. పడితే చూసేది మేమే కదా. మేం చూడకూడదా? రండి.

కోడలు


కాళ్ల కేంద్రం

అమ్మాయ్,

వస్తున్నాను. ఉండడానికి కాదు, నేల చూడడానికి. చేసిన పనిని చూడకుండా బాగుందనడం నా వల్ల కాదు. రెండు రోజులుండి వెనక్కి వస్తాను. మంచం అలాగే ఉంచమని ఇక్కడ చెప్పాను.

బస్సు దగ్గరికి ఎవరూ రావద్దు. అబ్బాయిని ఒక్కణ్ని పంపు. పొట్టివాణ్ని గానీ ఇంకొకణ్ని గానీ గుమ్మంలో నిలబెట్టావో, అదే బస్సు ఎక్కేస్తాను. నేను నడుస్తుంటే చెయ్యి అందించకండి. నా వెనకాలే చేతులు చాపుకుని నడవకండి. ముఖ్యంగా మీ అత్తకి చెప్పు.

మామయ్య


మన ముందుగది,
నా కుర్చీ

అమ్మాయ్,

నువ్వూ మీ అత్తా బజారుకి వెళ్లారు. అబ్బాయి లారీ మీదున్నాడు. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేంటని నవ్వుకో. ఎదురుగా చెప్పడం నీకు రాదన్నావు, నాకు అంతకన్నా రాదు.

మొన్న రాగానే గోడ పట్టుకుని మంచం దాకా నడిచి "బానే ఉంది" అని కూచున్నాను. నీ మొహం చిన్నబోయింది. అది చూశాను. నిన్నంతా కూడా గోడ వదల్లేదు. అడుగు తీసి అడుగు వేస్తుంటే కింద నేల ఎలా ఉందో చూసే ధైర్యం ఎక్కడిది నాకు? నా ధ్యాసంతా పడకుండా ఉండడం మీదే. సంచి కూడా విప్పలేదు. ఇవాళ సాయంత్రం బస్సుకి వెళ్లిపోవాలనే అనుకున్నాను.

మీరు వెళ్లాక గోడ వదిలాను. వీధి గుమ్మం నుంచి వంటింటి గుమ్మం దాకా నడిచాను. గూని ఉన్న చోటికి రాగానే పాత అలవాటుకొద్దీ కాలు ఎత్తి వేశాను. అక్కడ గూని లేదు. పడ్డాను.

ఎవరూ చూడలేదు. అయినా నీకు చెప్తున్నాను.

ఎలాగూ పడ్డాను కదా అని, చెంప నేలకి ఆనించి ఒక కన్ను మూసి చూశాను. మేం పని చూసుకునే పద్ధతి అదే. కిటికీలోంచి వెలుతురు పడుతోంది. అటు గోడ దాకా ఎక్కడా ఆగకుండా, ఎక్కడా విరగకుండా పోయింది. చాలాసేపు అలాగే పడుకుని చూశాను అమ్మాయ్. ఇన్నేళ్లలో నా ఇంట్లో ఇలా పడుకుని చూడడానికి నాకు నేల లేదు. నువ్వు చేసి పెట్టావు. అంచు ముక్కలు మాత్రం నిజంగానే ఘోరంగా కోశావు, అవి నేను మారుస్తాను. కూచునే చేయొచ్చు.

తర్వాత కుర్చీ కోడు పట్టుకుని లేచాను. నేనే లేచాను. ఈసారి చూసుకుంటూ వంటింటి దాకా వెళ్లి, మంచినీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చాను.

కేంద్రం వాళ్లకి ఒక ఉత్తరం రాశాను. తలుపు పక్క మంచం వేరే ఎవరికైనా ఇచ్చెయ్యమని, సామాన్ల గదికి ఇంకొకర్ని చూసుకోమని. నువ్వు వచ్చాక ఇచ్చి పంపిద్దామనుకున్నాను గానీ, నేనే వెళ్లి పోస్టు డబ్బాలో వేసి వస్తాను. వీధి చివరి దాకానే కదా. ఆ రోడ్డంతా గుంతలే, తెలుసు. దారిలో పొట్టివాడి ఇల్లుంది, చూస్తే చూడనీ.

తాళం వేసి చెవి ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాను. నేను ఇంట్లో కనపడకపోతే కంగారుపడి వీధిలో జనాన్ని పోగెయ్యకండి. వచ్చేస్తాను.

మామయ్య